వెళ్లిన దారినే తిరిగి రాని నడక: హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో పాత ఊళ్లు, పాత గుళ్లు చుట్టి రావడం కుదురుతుందా?

పాతచెప్పులు
సెలవు రోజున ఎక్కడికి నడవాలి అని ఎవరిని అడిగినా ఒక గుట్ట పేరు చెబుతారు. ఎక్కాలి, ఫొటో దిగాలి, ఎక్కిన దారినే దిగాలి. నాకు కావలసింది అది కాదు. ఒక ఊళ్లో బస్సు దిగి, పొలాల గుండా, చెరువు కట్ట మీదుగా నడుస్తూ, దారిలో పాత గుడో కోటో శాసనమో చూసుకుంటూ, ఇంకో వైపు నుంచి మళ్లీ అదే ఊరికి చేరాలి. పది పన్నెండు కిలోమీటర్లు ఉంటే చాలు. మా మామగారు కూడా వస్తానంటున్నారు. ఆయనకు డెబ్బై దగ్గర పడింది, అయినా నడకలో నన్ను వెనక్కి నెట్టేస్తారు.

పోయిన నెల డబ్బు కట్టి ఒక నడక బృందంతో వెళ్లాం. "వారసత్వ నడక" అన్నారు. తీరా చూస్తే తారు రోడ్డు అంచున, ఇసుక లారీల పక్కన నడిపించారు. ఒక గుడి ముందు ఆగి "ఇది చాలా పురాతనమైన గుడి" అన్నాడు గైడు. ఎంత పురాతనం అని మామగారు అడిగితే "చాలా" అన్నాడు.

నిద్రమత్తు
ఔటర్ రింగు రోడ్డు ఉంది కదా, గుండ్రంగానే ఉంటుంది. 158 కిలోమీటర్లు. మామగారిని ఒకసారి అడిగి చూడండి.

పాతచెప్పులు
అడగను. సరే అనేస్తారు.

కార్వాన్_కబుర్లు
ఊరు దాటనక్కరలేదు. ఫతే దర్వాజా నుంచి గోల్కొండ లోపలికి రండి. బాలాహిసార్ పక్కగా సాగి బంజారా దర్వాజా దాటితే కుతుబ్‌షాహీ సమాధులు. అక్కడినుంచి నయా ఖిల్లా చూసుకుని మళ్లీ ఫతే దర్వాజాకు చేరవచ్చు. బయటి ప్రాకారం చుట్టుకొలతే ఏడు కిలోమీటర్లు, 87 బురుజులు. నయా ఖిల్లాలోని హాథియాన్ చెట్టు మొదలు చుట్టూ ఒక రౌండు వేస్తేనే 27 మీటర్లు. ఆఫ్రికా జాతి చెట్టది, నాలుగు వందల ఏళ్ల పైబడినదని చెబుతారు. దాని తొర్రలో మనుషులు నిలబడవచ్చు.

ఇరానీచాయ్
కార్వాన్ గారూ, సమాధుల దగ్గర తానీషా సమాధి ఎక్కడ అని వెతకవద్దని కూడా చెప్పండి. మా బంధువులు పూట గడిపేశారు. 1687లో గోల్కొండ పడిపోయాక ఔరంగజేబు ఆయన్ని దౌలతాబాద్ కోటలో బంధించాడు. సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది.

పాతచెప్పులు
గోల్కొండ చూసినదే, ఎన్నిసార్లు చూసినా బాగుంటుంది. కానీ అక్కడ ఆటో హారన్ వినిపించని చోటు లేదు. పల్లె కావాలండీ, పల్లె. గట్టు మీద నడవాలి.

రింగురోడ్డు_రాజు
మన దగ్గర కుదరదు. కోపం తెచ్చుకోకండి, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. విదేశాల్లో కాలిబాటకు హక్కు ఉంటుంది, బాణం గుర్తులు ఉంటాయి. ఇక్కడ పాత బండ్లబాట ఉన్నచోటల్లా వెంచరు వేశారు. నాలుగు వైపులా కడీలు పాతి, ముళ్లతీగ చుట్టి, "ఫలానా ఎన్‌క్లేవ్" అని కమాను కట్టారు. కమాను దాటితే ఇల్లు ఒక్కటి ఉండదు, గడ్డి ఉంటుంది. ఫోనులో మ్యాపు చూస్తే బాట ఉన్నట్టే కనిపిస్తుంది, వెళ్లాక గేటుకు తాళం. శంకర్‌పల్లి వైపు, యాచారం వైపు, ఎటు చూసినా ఇదే కథ.

విశాఖ_వాసి
రాజు గారూ, చుట్టి నడవడం విదేశాల నుంచి వచ్చిందా? మా సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మొదలుపెట్టి రాత్రంతా లక్షల మంది నడుస్తారు. అరుణాచలంలో 14 కిలోమీటర్లు, అక్కడ ప్రతి పౌర్ణమికీ జనమే. మీ యాదగిరిగుట్టలోనూ స్వాతి నక్షత్రం రోజున గిరి ప్రదక్షిణ ఉంది. వెళ్లిన దారిన తిరిగి రాకపోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య.

రింగురోడ్డు_రాజు
ఆ రోజు బండ్లు ఆపేస్తారు, వీధి వీధికీ మజ్జిగ పోస్తారు. మామూలు మంగళవారం నాడు అదే దారిలో ఒంటరిగా నడిచి చూడండి. నేను అడుగుతున్నది మంగళవారం సంగతి.

ఉప్పల్_ఉమ
రాచకొండ చెప్పకుండా ఎలా ఉన్నారు అందరూ? సంస్థాన్ నారాయణపురం మండలం, యాదాద్రి భువనగిరి జిల్లా. కాకతీయుల తర్వాత రేచర్ల పద్మనాయకుల రాజధాని. "రసార్ణవసుధాకరం" రాసిన సర్వజ్ఞ సింగభూపాలుడి ఊరు. అక్కడి గోడలు చూడాలి. సున్నం లేదు, మట్టి లేదు. ఒక్కో రాయి మంచమంత ఉంటుంది, దాని వంకరకు సరిపోయే వంకర ఉన్న ఇంకో రాయి పక్కన పెట్టారు. సందులో నా ఇంటి తాళంచెవి దూర్చబోతే దూరలేదు.

నిద్రమత్తు
రాచకొండ అంటే పోలీసు కమిషనరేట్ పేరని అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఉప్పల్_ఉమ
నిద్రమత్తు, మీ పేరు సార్థకం. కమిషనరేట్ 2016లో వచ్చింది. కోట పద్నాలుగో శతాబ్దంది.

పాతచెప్పులు
ఉమ గారూ, మరి అక్కడ చుట్టి రావడానికి దారి ఉందా?

ఉప్పల్_ఉమ
నిజం చెప్పాలంటే పెద్దవాళ్లతో కష్టం. దర్వాజాలు దాటి పైకి వెళ్లేదాకా బాగుంటుంది, ఆ తర్వాత తుమ్మ ముళ్లు, పరికి పొదలు. మేకలు కాసే అబ్బాయి ముందు నడిస్తే అవతలి వైపు దిగగలిగాం. అతను లేకపోతే కుదిరేది కాదు. కార్తికంలోనైతే అటువైపు ఆరుట్ల బుగ్గ జాతర ఉంటుంది, అప్పుడు గుట్టల్లో మనుషులు కనిపిస్తారు. మిగతా రోజుల్లో ఫోను కూడా పనిచేయని చోట్లు ఉన్నాయి. మామగారు లేకుండా ఒకసారి, నలుగురు కలిసి వెళ్లండి.

శాసనాలపిచ్చి
ఉమ గారి మాటలో అసలు సంగతి ఉంది. మేకలు కాసే అబ్బాయి. రాజు గారు బాణం గుర్తులు లేవంటారు. మన పల్లెల్లో బాట గుర్తుల్లో ఉండదు, మనుషుల దగ్గర ఉంటుంది. హోటల్ దగ్గర బెంచీ మీద కూర్చుని టీ చెప్పి, ఫలానా గుడికి పొలాల మీదుగా ఎటు వెళ్లాలి అని అడగాలి. ఇద్దరు రెండు దారులు చెబుతారు, మూడో ఆయన ఇద్దరినీ తిడతాడు. ఆయన చెప్పిన దారి పట్టుకోండి.

నా ఓటు ఫణిగిరికి. సూర్యాపేట జిల్లా నాగారం మండలం. జనగామ నుంచి సూర్యాపేట వెళ్లే దారిలో తిరుమలగిరి దాటాక వస్తుంది. గుట్ట పాము పడగలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. పైన మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల విహారాలు. శాతవాహనుల కాలం నుంచి ఇక్ష్వాకుల దాకా అక్కడ బౌద్ధం ఉంది. నిజాం పాలనలో, 1940ల మొదట్లో వెలుగులోకి వచ్చింది. 2024లో తవ్వితే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. అక్కడి తోరణం శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. న్యూయార్క్ వాళ్లు టికెట్టు కొని చూశారు, ఉప్పల్ నుంచి మూడు గంటల దూరంలో ఉన్న మనకు బద్ధకం.

ఒక హెచ్చరిక: మంచి శిల్పాలు గుట్ట మీద ఉండవు, భద్రపరిచారు. పైన ఇటుకల పునాదులు, రాతి స్తంభాల మొండేలు, మెట్లు కనిపిస్తాయి. ఊహించుకునే ఓపిక ఉన్నవాళ్లకే ఫణిగిరి.

చుట్టి రావడానికి అక్కడ బిక్కేరు వాగు ఉంది. మూసీలో కలుస్తుంది. వర్ధమానుకోట, గాజులబండ, తిరుమలగిరి అన్నీ ఆ చుట్టుపక్కల ఉన్న పాత స్థలాలే. వాగు ఎండినప్పుడు ఇసుకలోంచి దాటి ఇంకో ఊరి మీదుగా వెనక్కి రావచ్చు. వర్షాకాలంలో ఆ సాహసం వద్దు. ఎండాకాలం మధ్యాహ్నం ఇసుక మీద నడవడం కూడా వద్దు.

ఇరానీచాయ్
మిగిలింది రెండు నెలలు.

శాసనాలపిచ్చి
నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఉందండీ, లెక్క సరిగ్గా వేయండి.

మలక్‌పేట_మాధవి
ముదుమాల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నారాయణపేట జిల్లాలో కృష్ణా నది ఒడ్డు. ఒక్కొక్కటి పది నుంచి పద్నాలుగు అడుగుల నిలువురాళ్లు, అలాంటివి ఎనభై దాకా. ఒక రాతి మీద సప్తర్షి మండలం గుంటలుగా చెక్కి ఉంది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. ఊళ్లోవాళ్లు ఆ రాళ్లకు ఎప్పటినుంచో పూజ చేస్తున్నారు, యునెస్కో తర్వాత వచ్చింది.

రింగురోడ్డు_రాజు
నయం. పూజ చేయకపోయి ఉంటే వాటిని కూడా కడీలుగా వాడేసేవారు. ఇది హాస్యం కాదు. హైదరాబాద్ చుట్టూ బృహత్ శిలాయుగపు సమాధులు ఎన్ని ఉండేవి? మౌలాలి, హష్మత్‌పేట. రాళ్లు వలయంగా పేర్చిన చోట్లు. ఇప్పుడు వాటి పక్కన ఇంటి గోడ.

మలక్‌పేట_మాధవి
ఈ విషయంలో మీతో వాదించను.

పాతచెప్పులు
ముదుమాల్ ఒక్క రోజులో వెళ్లి, నడిచి, తిరిగి రావడం కాదేమో. ఫణిగిరి మనసులో పెట్టుకున్నాను. ఇంకా దగ్గర, ఇంకా చదునుగా?

ఉదయసముద్రం
నా పేరు చూసి కూడా ఇంతసేపు ఎవరూ పిలవలేదు. పానగల్లు రండి. నల్లగొండ బస్టాండు నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు. నేను అక్కడే పుట్టి పెరిగాను, ఇప్పుడు ఎల్బీనగర్.

కందూరు చోడుల రాజధాని అది. పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటి గుళ్లు రెండు, వాళ్లు తవ్వించిన చెరువు ఒకటి. మూడూ ఒకదానికొకటి నడిచే దూరంలో ఉన్నాయి. నడక ఇలా పెట్టుకోండి. పొద్దున ఏడింటికల్లా నల్లగొండలో దిగండి. ఊరికి రెండు పక్కల రెండు గుట్టలు, లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట. వాటిని గుర్తుపెట్టుకుంటే దారి తప్పరు. పానగల్లు చేరాక ముందు పచ్చల సోమేశ్వరాలయం. తొందరపడకండి. గోడల మీద, స్తంభాల మీద రామాయణం, భారతం కథలు జానెడు జానెడు బొమ్మలుగా చెక్కారు. నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఆ గోడ పట్టుకుని వేలితో చూపిస్తూ కథ చెప్పేది. చాలాసార్లు బొమ్మ ఒకటి, ఆమె చెప్పే కథ ఇంకొకటి. అదే ఆవరణలో మ్యూజియం ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో దొరికిన విగ్రహాలు, శాసనాలు ఉంటాయి. తెరిచే వేళలు ముందే కనుక్కోండి.

అక్కడినుంచి పొలాల్లోకి దిగితే ఛాయా సోమేశ్వరాలయం. రోడ్డు ఉంది కానీ మీరు అడిగింది గట్టు కాబట్టి గట్టు మీదే వెళ్లండి. వరి పొలాలు. నాట్ల సమయంలో గట్టు జారుతుంది, అరికాలు అడ్డంగా పెట్టి నడవాలి, చెప్పులు చేతిలో పట్టుకోండి. గుడి చిన్నది, మూడు గర్భగుడులు. ఒక దానిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం ఆకారంలో నీడ పడుతుంది. పొద్దున చూసినా, మధ్యాహ్నం చూసినా, సాయంత్రం చూసినా నీడ కదలదు.

తర్వాత చెరువు కట్ట ఎక్కండి. ఉదయసముద్రం. ఇప్పుడు అది ఏఎంఆర్ (అలిమినేటి మాధవరెడ్డి) ప్రాజెక్టు రిజర్వాయరు కూడా, కృష్ణా నీళ్లు వస్తాయి. అందుకే చుట్టూ చెరువులు ఎండినా ఇక్కడ అలలు ఉంటాయి. చెరువు మొత్తం చుట్టి వస్తాననుకోకండి, చాలా పెద్దది. కట్ట మీద ఓపిక ఉన్నంత దూరం నడిచి, ఊళ్లోకి దిగి, అక్కడినుంచి నల్లగొండ. మీ పది పన్నెండు కిలోమీటర్లు తేలిగ్గా అవుతుంది. ఒక్క గుట్ట కూడా ఎక్కనక్కరలేదు.

నిద్రమత్తు
కదలని నీడా! దేవుడి మహిమ.

శాసనాలపిచ్చి
స్థపతి మహిమ. ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు. గర్భగుడి ముందున్న మండపంలో వరుస స్తంభాలు ఉన్నాయి, వెలుతురు రెండు పక్కల నుంచి వాటి మధ్యగా లోపలికి వస్తుంది. సూర్యుడి ఎండ నేరుగా పడదు, చుట్టూ చెదిరిన వెలుతురు పడుతుంది. అందుకే సూర్యుడు కదిలినా నీడ కదలదు. దారిలో నిలబడి చేయి ఊపి చూడండి, మీ చేతి నీడ అక్కడ పడదు.

విశాఖ_వాసి
అన్నీ తెలిసి కట్టినవాడి చేత దేవుడే కట్టించాడని అనుకుంటే తప్పేమిటి?

శాసనాలపిచ్చి
తప్పేమీ లేదు. కట్టినవాడికి కూడా ఒక దండం పెట్టండి అంటున్నాను.

ఉదయసముద్రం
ఈ వాదన మా ఊరి అరుగు మీద కూడా జరుగుతుంది. ఇప్పటికీ తేలలేదు. పూజారి గారి దగ్గర మాత్రం మొదలుపెట్టకండి, పానగల్లు దాటడానికి చీకటి పడుతుంది.

కార్వాన్_కబుర్లు
మరి నీడ అంత ప్రత్యేకం అయితే పచ్చల సోమేశ్వరుడి పచ్చ ఎక్కడ?

ఉదయసముద్రం
లింగంలో పచ్చ పొదిగి ఉండేదని, ఆ వెలుగు రాత్రి కూడా కనిపించేదని పెద్దలు చెప్పుకుంటారు. నేను చూసిన లింగం నల్లరాయి. అంతకు మించి నన్ను అడగకండి.

రింగురోడ్డు_రాజు
సముద్రం గారూ, బాగా చెప్పారు. ఒక ప్రశ్న. గట్టు మీద నడిస్తే రైతు ఏమీ అనడా?

ఉదయసముద్రం
పంట తొక్కకపోతే ఏమీ అనడు. పలకరించాలి. పలకరించకుండా ఫోను పట్టుకుని ఫొటోలు తీస్తూ పోతే అనుమానం వస్తుంది. భూమి కొలతకు వచ్చారనుకుంటాడు.

ఉప్పల్_ఉమ
రాచకొండ దగ్గర మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న "ఎకరం ఎంతలో చూస్తున్నారు?" నడవడానికి వచ్చాం అంటే నమ్మలేదు. మా ఆయన టోపీ, నల్ల కళ్లద్దాలు చూసి ఆయనే కొనేవాడని తేల్చేశారు. ఒక పెద్దాయన మాతో అర కిలోమీటరు నడిచి, తూర్పు ముఖం స్థలం ఒకటి చూపించి గానీ వదల్లేదు.

ఇరానీచాయ్
కొన్నారా లేదా?

ఉప్పల్_ఉమ
వెల చెప్పాక మేమే పరుగెత్తాం.

మలక్‌పేట_మాధవి
ఆడవాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు, నేనే మాట్లాడతాను. పొలాల్లో పది కిలోమీటర్లు అంటే నీళ్లు తాగకుండా నడుస్తాం, ఎందుకో చెప్పనక్కరలేదు. పానగల్లు నాకు నచ్చింది అందుకే. నల్లగొండ బస్టాండు ఉంది, మధ్యలో ఊరు ఉంది. ఫణిగిరి వెళ్లేవాళ్లు తిరుమలగిరిలో ఆగి వెళ్లండి. బస్సు మాకు ఉచితం, నల్లగొండ దాకా ఒక్క రూపాయి అవదు. డీలక్సు ఎక్కకండి, పల్లెవెలుగు గానీ ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కండి, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి.

పాతచెప్పులు
మా ఆవిడ ఇది చదివి, అయితే నేనూ వస్తాను అంటోంది. మామగారు, ఆవిడ, నేను. టికెట్టు ఇద్దరికే.

శాసనాలపిచ్చి
కుక్కల సంగతి. ఊరి మొదట్లో ఉంటాయి, ఊరి మధ్యలో ఉండవు. పరుగెత్తకూడదు. చిన్న కర్ర చేతిలో ఉంటే చాలు, ఎత్తనక్కరలేదు, వాటికి తెలుసు. పత్తి చేలలో మందు కొట్టే రోజున ఆ వైపు వెళ్లకండి. వాసన రాగానే గాలికి అడ్డంగా పక్కకు తప్పుకోండి.

ఉదయసముద్రం
మా వైపు ఎక్కువగా వరే, కానీ నల్లగొండ దాటి అటు వెళ్తే పత్తే. మాట నిజం.

నిద్రమత్తు
తిండి గురించి ఒక్కరూ రాయలేదు. చరిత్ర కడుపు నింపుతుందా?

ఉదయసముద్రం
ఊళ్లో పొద్దున పూట బండి దగ్గర ఇడ్లీ, మిర్చి బజ్జీ దొరుకుతాయి. మధ్యాహ్నం భోజనం నల్లగొండకు వచ్చాకే. చద్దన్నం, ఆవకాయ కట్టుకుని వస్తే ఛాయా సోమేశ్వరం బయట చెట్టు కింద కూర్చోవచ్చు. గుడి మండపంలో తినకండి, కాగితం ప్లేట్లు అక్కడ పడేయకండి. సెలవు రోజు మర్నాడు వెళ్తే స్తంభాల మధ్య ఎగిరేవన్నీ కుర్‌కురే కవర్లే. ఊరి పిల్లలే ఏరుతారు, వచ్చినవాళ్లు ఏరరు.

కార్వాన్_కబుర్లు
గోల్కొండలో మేము రోజూ చూసేది ఇదే. బాలాహిసార్ దర్వాజా కింద చప్పట్లు కొట్టి పైకి వినిపిస్తోందా అని అడుగుతారు, ఆ చప్పట్లకు ముందు చేతిలో ఉన్న సీసా ఎక్కడ పెట్టారో మర్చిపోతారు.

రింగురోడ్డు_రాజు
అన్నీ చదివాను. నా మాట మార్చుకోను. పానగల్లులో కుదురుతోందంటే అది చెరువు కట్ట వల్ల. కట్టకు కంచె వేయలేరు, వెంచరు వేయలేరు. చెరువు లేని చోట మీ గుండ్రపు నడక గేటు దగ్గర ఆగిపోతుంది.

శాసనాలపిచ్చి
ఇప్పటిదాకా మీరు రాసిన వాటిలో ఇది ఒక్కటి కాగితం మీద రాసి దాచుకోదగ్గ మాట. పాత రాజధాని ఎక్కడ ఉంటే అక్కడ చెరువు ఉంటుంది. కట్ట వెతకండి, దారి దొరుకుతుంది. భువనగిరి, కొలనుపాక, పానగల్లు, ఎక్కడైనా సరే.

రింగురోడ్డు_రాజు
మెచ్చుకుంటున్నారా, తిడుతున్నారా?

పాతచెప్పులు
సంక్రాంతి ముందు శనివారం, పానగల్లు. పొద్దున ఐదున్నరకు ఎల్బీనగర్ చౌరస్తాలో నల్లగొండ బస్సు ఆగే చోట కలుద్దాం. ఎవరు వచ్చినా సరే, డబ్బు తీసుకునే గైడు ఎవరూ ఉండరు.

ఉదయసముద్రం
నేను వస్తాను. గైడును కాను, ఊరివాణ్ణి. మా అమ్మకు చెబుతాను, ఇంట్లో టీ తాగకుండా వెళ్లనివ్వదు.

మలక్‌పేట_మాధవి
ఇద్దరం వస్తాం, నేనూ మా చెల్లెలూ.

నిద్రమత్తు
ఐదున్నర అంటే సాయంత్రమా?

రింగురోడ్డు_రాజు
నేనూ వస్తున్నాను. ఎక్కడ గేటు అడ్డం వస్తుందో దగ్గరుండి చూపిస్తాను. మామగారి పక్కన నాకు చోటు ఉంచండి, ఆయనొక్కరే సరైన ప్రశ్న అడిగేలా ఉన్నారు.